జడుపు దిగే దాకా ఎవరుంటారు?

హుద్‌హుద్ తుపాను వెళ్లిన మూడో వారంలో నేనొక పిల్లకి చెడు చేశాను. అది చెడేనని ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఇలా రాయడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. పొద్దుట్నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోవడం, హమ్మయ్య అయిపోయిందనుకుని జనం గుమ్మాల్లోకి రావడం, కాసేపటికి అదే గాలి రెండో వైపు నుంచి విరుచుకుపడటం అందరికీ గుర్తే. గంటకి 180 కిలోమీటర్ల గాలి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల పాకెట్ల కోసం తెల్లారగట్ల క్యూలు. పడిపోకుండా నిలబడ్డ చెట్లకి కూడా ఆకు లేదు.

అప్పటికి నేను సైకాలజీలో ఎం.ఎ. పూర్తి చేసి రెండేళ్లు. ఒక స్వచ్ఛంద సంస్థ తుపాను పిల్లలకి మానసిక మద్దతు అని ఒక కార్యక్రమం పెట్టి, నాలాంటి వాళ్లని పాతికమందిని పోగేసి రెండు రోజుల శిక్షణ ఇచ్చింది. వేరే ఊరి నుంచి వచ్చిన ట్రైనర్. బాగా మాట్లాడాడు. బయట జనరేటర్ మోగుతుంటే లోపల స్లైడ్లు నడిచాయి. ఆయన చెప్పినవాటిలో నాకు మిగిలింది ఒక్కటే. లోపలున్నది బయటికి వచ్చేయాలి, ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి వదలకపోతే ఏమవుతుంది, పేలుతుంది కదా, పిల్లలూ అంతే అన్నాడు. అందరం తలూపాం. మూడో రోజు మమ్మల్ని జీపులెక్కించి ఊళ్ల మీదకి పంపారు.

నాకు పడింది భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఒక బడి. కప్పు సగం లేదు. పిల్లలు నలభై మంది దాకా ఉంటే అందరినీ బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టాం. చెట్టు పేరుకే, నీడ లేదు. తెల్ల కాగితాలు, క్రేయాన్లు పంచాం. మీకు నచ్చింది గీయండి అన్నాం. ముందు వరసలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను) అన్ని బళ్లలో అందరు పిల్లలూ గీసే బొమ్మే గీసింది. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక పడవ. శ్రద్ధగా రంగు వేస్తోంది. దాన్ని అలా వదిలేస్తే సరిపోయేది. నేను పక్కన కూర్చుని అడిగాను: "మరి ఆ రోజు గాలి ఏదమ్మా ఇందులో? గాలి ఎలా వచ్చిందో చెప్పు."

క్రేయాన్ ఆగింది. నా మొహంలోకి చూసింది. మేడమ్ అడిగింది కాబట్టి చెప్పాలి కదా, చెప్పడం మొదలుపెట్టింది. రేకు లేచిపోవడం, మామ్మ కాలి మీద గోడ పడటం, తను మంచం కోడు పట్టుకుని ఉండటం, అమ్మ ఎక్కడుందో కనపడకపోవడం. ముందు మామూలుగానే చెప్పింది. తర్వాత ఆపలేకపోయింది. మాట మధ్యలో ఊపిరి పీల్చుకోవడం కూడా మర్చిపోయి అదే వాక్యం మళ్లీ మళ్లీ చెప్తోంది. పక్క పిల్ల ఏడుపు మొదలెట్టింది. వెనక వరసలో ఒక పిల్లాడు కూర్చున్నచోటే నిక్కరు తడిపేసుకున్నాడు. ఇల్లు పోగొట్టుకున్న టీచరు గారు కూడా అక్కడే ఉన్నారు. లేచి గోడ చాటుకి వెళ్లిపోయారు.

నాకేమనిపించిందో నిజం చెప్పేస్తాను. సంతోషం వేసింది. శిక్షణలో చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది, ఆవిరి బయటికి వస్తోంది, నాకు పని వచ్చింది అనుకున్నాను. మూడున్నరకి జీపు హారన్ కొట్టింది. బిస్కెట్ పాకెట్లు పంచి, బ్యానర్ పట్టుకుని ఫోటో దిగి వచ్చేశాం.

నాలుగో రోజు టీచరు గారు ఫోన్ చేశారు. "మేడమ్, మీరొచ్చి ఏటి అడిగేరండి గుంటని? అప్పుడిదాకా బాగానే ఉన్నాది. ఇప్పుడు తలుపెయ్యనివ్వదు, పడుకోదు. రాత్రంతా మంచం కోడు పట్టుకుని కూర్సుంటంది. మీకు తెలుసేమో అని అడుగుతున్నానండి, ఏటి సెయ్యమంటారు?"

ఏం చెయ్యమనాలో నాకు తెలీదు. ట్రైనర్‌కి చేస్తే రిఫర్ చెయ్యండి అన్నాడు. ఎక్కడికి? నేను వాల్తేరు మెంటల్ ఆసుపత్రి పేరు చెప్పగానే పిల్ల తండ్రి "మా గుంటకి పిచ్చేటి?" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత వారం కార్యక్రమం గడువు అయిపోయింది, రిపోర్టు వెళ్లిపోయింది. మా బృందం ఎంతమంది పిల్లలకి "సేవలందించిందో" లెక్క రాసిన గడిలో ఆ పిల్ల కూడా ఒక అంకె. నేను భీమిలి బస్సెక్కి వెళ్లి ఉండొచ్చు. వెళ్లలేదు. భయమేసింది.

ఆ కుక్కర్ సంగతి తర్వాత చదువుకున్నాను. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్ ఒక పద్ధతి రాశాడు. ఫైరింజన్, అంబులెన్స్ సిబ్బంది ఘోరాలు చూసొచ్చాక వాళ్లందరినీ కూర్చోబెట్టి ఏం చూశారో, ఏమనిపించిందో చెప్పించడం. డీబ్రీఫింగ్ అన్నారు. ఆ సిబ్బంది కోసం పుట్టింది కాస్తా పదేళ్లలో అందరికీ అంటించే మందైపోయింది. 1997లో బ్రిటన్ నుంచి ఒక పరిశీలన అచ్చయింది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఒకే ఒక్కసారి ఈ పద్ధతిలో అంతా చెప్పించారు. పదమూడు నెలల తర్వాత చూస్తే చెప్పించిన గుంపులో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరం అయిపోయాక కూడా వదలకుండా పట్టుకునే మనోవ్యాధి) ఉంది, వదిలేసిన గుంపులో 9 శాతానికే. చెప్పించిన గుంపు మొదట్నుంచీ కాస్త ఎక్కువ దెబ్బతిన్నదే, ఆ మాట పరిశోధకులే ఒప్పుకున్నారు. అయినా తర్వాత అలాంటి పరిశీలనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా ఒక్కసారి చేసే డీబ్రీఫింగ్ వల్ల మేలు కనపడలేదు, మానెయ్యండి అనే తేల్చింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ప్రథమ చికిత్స మీద ఒక చిన్న పుస్తకం తెచ్చింది. చూడు, విను, అవసరమైనచోటికి చేర్చు. అంతే. జరిగింది చెప్పమని ఎవరినీ ఒత్తిడి చెయ్యొద్దని అందులో స్పష్టంగా ఉంది.

నాకు శిక్షణ ఇచ్చింది 2014లో. అంటే ఆ పుస్తకం అప్పటికే మూడేళ్ల నుంచి ఉంది. అది చదవని మనిషి మాకు నేర్పాడు, అతన్ని అడగని మేం పిల్లల మీదకి వెళ్లాం.

అలాగని పిల్లలతో ఆ సంగతి అసలు ఎత్తకూడదు, వాళ్లే మర్చిపోతారు అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 1976 జులైలో కాలిఫోర్నియాలో చౌచిల్లా అనే ఊళ్లో ఇరవయ్యారు మంది పిల్లలున్న బడి బస్సుని ముగ్గురు దారి మళ్లించారు. పిల్లల్ని, డ్రైవర్‌ని ఒక క్వారీలో పాతిపెట్టిన వ్యాను డబ్బాలోకి దింపి పైన మట్టి కప్పేశారు. పదహారు గంటల తర్వాత వాళ్లే తవ్వుకుని బయటపడ్డారు. ఒంటి మీద పెద్ద గాయాల్లేవు. ఇరవయ్యారు మందిలో ఏ ఒక్కరికో మనసు దెబ్బతినొచ్చని అప్పట్లో ఒక నిపుణుడు తల్లిదండ్రులకి చెప్పాడట. ఇంకేముంది, ఆ ఒక్కరు మా పిల్లాడే అని ఒప్పుకునే ఇల్లు ఒక్కటీ లేదు. కొన్ని నెలల తర్వాత లెనోర్ టెర్ అనే పిల్లల సైకియాట్రిస్టు వెళ్లి ఇంటింటికీ కూర్చుని చూస్తే అందరికీ ఏదో ఒక రూపంలో ఉంది. నాలుగైదేళ్లకి మళ్లీ వెళ్లింది, అప్పటికీ పోలేదు. ఆమె చెప్పిన వాటిలో నన్ను బాగా పట్టుకున్నది ఆ పిల్లల ఆట. మామూలు ఆటలో పిల్లలు మొహం వెలిగిపోతూ ఆడతారు, కథ మారుతూ ఉంటుంది. ఈ పిల్లలు అదే ఆట అదే వరసలో ఆడతారు, చివర ఊరట ఉండదు, ఆడుతున్నంతసేపూ మొహంలో నవ్వుండదు.

నేను కళ్లారా చూశాను దాన్ని. ఒక పిల్లాడు కూల్‌డ్రింక్ సీసా మూతలు వరసగా పేర్చి, తువ్వాలు కప్పి, తీసి, మళ్లీ పేర్చి, మళ్లీ కప్పేవాడు. గంటసేపు. వాళ్లమ్మ "అల్లరి లేదండీ, బుద్ధిగా ఆడుకుంటాడు" అంది.

మన దగ్గర దీనికి మాట ఉంది. జడుపు. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఏ మామ్మనైనా అడగండి: గుంట జడుసుకుంది, జడుపు తగిలింది, జడుపు జ్వరం వచ్చింది. ట్రామా అనే మాట మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడానికి మా వృత్తిలో వాళ్లు పడే పాట్లు చూస్తే నవ్వొస్తుంది. "మానసిక ఆఘాతం" అని స్లైడ్ మీద రాస్తారు, ఎదురుగా కూర్చున్న అంగన్‌వాడీ కార్యకర్త దాన్ని అలాగే నోట్సులోకి ఎక్కించుకుంటుంది, ఇంటికెళ్లి ఎవరితోనూ ఆ మాట అనదు. జడుపు అనే మాటలో ఒక సుఖం ఉంది. అందులో తప్పు పిల్లది కాదు. బయట్నుంచి తగిలింది, దిగాలి, దించాలి. దించడానికి ఇల్లంతా కదులుతుంది. మామ్మ పక్కలో వేసుకుంటుంది, దర్గా కొండకి తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తారు, కనకమహాలక్ష్మికి మొక్కుకుంటారు, నాలుగు రోజులు బడి మాన్పిస్తారు, తిట్టరు. తాయెత్తులో ఏముందో నాకనవసరం. ఆ నాలుగు రోజులూ పిల్ల ఒంటరిగా పడుకోలేదు, అది నాకు కావాలి. శిక్షణ తరగతిలో తాయెత్తు మీద జోకేసి నవ్వించే ట్రైనర్లని చూశాను. ఆ నవ్వుతో మామ్మ చెయ్యి జారిపోతుంది. మామ్మ లేకుండా ఈ ఊళ్లో ఏ పిల్లకీ వైద్యం జరగదు.

కానీ జడుపుకి ఒక చీకటి కోణం కూడా ఉంది. భయపెట్టింది గాలో, ధూళో, తుమ్మచెట్టు మీద దెయ్యమో అయితే సరే. ఇంట్లో మనిషే అయితే? మేనమామో, పక్కింటి అన్నయ్యో, ట్యూషన్ మాస్టారో అయితే? అప్పుడు జడుపు అనే మాట వాడికి దుప్పటి కప్పుతుంది. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక అధ్యయనం వేసింది. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. సగానికి పైగా, 53.22 శాతం మంది, ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. చేసినవాళ్లలో సగం మంది పిల్లకి తెలిసినవాళ్లు, నమ్మకమైన స్థానంలో ఉన్నవాళ్లు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. కాబట్టి నా దగ్గరికి "జడుపండీ" అని తీసుకొచ్చినప్పుడు మామ్మ మాట కాదనను, తాయెత్తు విప్పమనను, కాని ఎప్పట్నుంచి, ఎవరింటికి వెళ్లొచ్చాక అని అడగడం మాత్రం మానను.

ఇక సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చెప్పాలి. లేకపోతే ఇదంతా ఒట్టి నస అవుతుంది.

2020 మే 7, తెల్లవారుజాము మూడు గంటల వేళ. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు ఇళ్ల మీదకి వచ్చింది. లాక్‌డౌన్ రోజులు, అందరూ ఇళ్లలోనే ఉన్నారు. నిద్రలో లేచి పరిగెత్తినవాళ్లు రోడ్ల మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది నా దగ్గరికి తొమ్మిదేళ్ల పిల్లాడొచ్చాడు. తండ్రి ఆటో డ్రైవరు. ఆ రాత్రి పడి ఉన్నవాళ్లని దాటుకుంటూ వీణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఇద్దరూ బతికారు. ఇప్పుడు సమస్య ఏమిటంటే, రాత్రి దీపం ఆర్పాక పిల్లాడు అడుగుతాడు: "నాన్నా, వాసనొస్తోందా?" లేదురా అంటాడు తండ్రి. రెండు నిమిషాలకి మళ్లీ. రాత్రికి ముప్ఫైసార్లు. పక్కింట్లో రంగులేస్తే ఇంట్లోకి రాడు. బళ్లో టీచరు గోళ్లరంగు వేసుకొచ్చిన రోజు గేటు దూకి పారిపోయాడు.

ఈసారి నా వెనక ఒక మనిషి ఉన్నారు. బెంగళూరులో పిల్లలకి వైద్యం చేసే సీనియర్ డాక్టరు ఒకరు, వారానికి గంట ఫోన్‌లో నా కేసులు వినేవారు. మొదటి నాలుగు వారాలు ఆ రాత్రి గురించి ఒక్క ముక్క అడగనివ్వలేదు నన్ను. "ముందు వాడికి బ్రేకు నేర్పు, తర్వాత బండి నడుపు" అన్నారు. పుస్తకాల్లో భయాన్ని కొలవడానికి థర్మామీటర్ బొమ్మ ఉంటుంది. మావాడికి అది ఎక్కలేదు, జ్వరం లేదు కదా అన్నాడు. ఆటోవాడి కొడుకు కాబట్టి గేర్లు పెట్టుకున్నాం. బళ్లో కూర్చుంటే ఒకటో గేరు. దీపం ఆర్పితే మూడు. పెయింట్ వాసనకి నాలుగు. నాలుగు నుంచి రెండుకి ఎలా దింపాలి? ఊపిరి మెల్లగా వదలడం, అరికాళ్లు నేలకి ఆనించడం, నాన్న ఆటో హారన్ చప్పుడు నోటితో చెయ్యడం. ఈ మూడోది వాడే కనిపెట్టాడు, ఏ పుస్తకంలోనూ లేదు, బ్రహ్మాండంగా పనిచేసింది. తండ్రికి కూడా పని ఇచ్చాం. వాసన సంగతి పడుకునే ముందు ఒకే ఒక్కసారి, ఇద్దరూ కలిసి గుమ్మంలో నిలబడి చూడాలి. తర్వాత అడిగితే "ఏ గేర్లో ఉన్నావురా?" అనాలి. లేదురా, లేదురా అని ముప్ఫైసార్లు చెప్పడమే ఆ భయానికి మేత అవుతోందని తండ్రికి నచ్చజెప్పడానికే రెండు వారాలు పట్టింది.

ఐదో వారం నుంచి ఒక పాత నోట్‌బుక్‌లో రాయడం మొదలెట్టాం. ఆ రాత్రి అన్నంలోకి ఏం తిన్నారో అక్కణ్ణుంచి. పప్పుచారు, ఎండుచేప. వారానికి నాలుగైదు వాక్యాలు. నాలుగో గేరు పడితే ఆపడం, దింపడం, మళ్లీ రాయడం. ఎనిమిదో వారంలో వాడు పెన్సిల్ పక్కన పెట్టి, నావైపు చూడకుండా అన్నాడు: "వాసన ముందు నాకే వచ్చింది మేడమ్. తియ్యగా ఉంది. ఎవరికీ చెప్పలేదు."

ఏడాదికి పైగా ఆ పిల్లాడు మోస్తున్నది అదన్నమాట. చెప్పి ఉంటే పక్కింటి తాత బతికేవాడని వాడి లెక్క. ముప్ఫైసార్లు వాసనొస్తోందా అని అడగడం ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. ఈసారి చెప్పడం మర్చిపోకూడదని.

నేనేమీ అనలేదు. వాడి అనుమతి తీసుకుని తర్వాత వారం తండ్రిని లోపలికి పిలిచి ఆ పేజీ వాడిచేతే చదివించాను. ముందే తండ్రిని సిద్ధం చేశాను, ఏడవకండి, సర్ది చెప్పకండి, వినండి అని. అతను విన్నాడు. కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఒరే, నాకూ వచ్చిందిరా. నేనూ లెగలేదు. ఎవరో పెయింటు డబ్బా తెరిసేరనుకుని ఇటు తిరిగి పడుకున్నాను." నా చిట్టాలో ఈ మాట లేదు. పిల్లాడు నోరు తెరుచుకుని తండ్రి మొహంలోకి చూశాడు. పద్నాలుగు వారాలకి రాత్రి ప్రశ్నలు రెండు, మూడుకి వచ్చాయి. పెయింట్ వాసన ఇప్పటికీ వాడికి పడదు. నాకూ పడదు.

ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. జూడిత్ కోహెన్, ఆంథొనీ మన్నరినో, ఎస్తర్ డెబ్లింగర్ అనే ముగ్గురు తయారుచేసిన పద్ధతి ఇది, ట్రామా-ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా టీఎఫ్-సీబీటీ అంటారు. పన్నెండు నుంచి పదహారు వారాలు, పిల్లకి పక్కపక్కనే తల్లికో తండ్రికో కూడా శిక్షణ. గేర్లు, హారన్ మావి. కాని ఒక్క సంగతి ఆలోచించండి. ఆ "ముందు నాకే వచ్చింది" అన్న మాట ఎనిమిదో వారంలో కాకుండా వేపచెట్టు కింద ఎనిమిదో నిమిషంలో, నలభై మంది ఎదురుగా వచ్చి, మూడున్నరకి హారన్ మోగి ఉంటే?

ఇదంతా పెద్ద డిగ్రీలున్నవాళ్ల పని, మన ఊళ్లో అంతమంది ఎక్కడున్నారు అంటారు. నిజమే, లేరు. పిల్లల సైకియాట్రీ ప్రత్యేకంగా చదివినవాళ్లని ఉత్తరాంధ్ర మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిగ్రీ లేకపోతే కుదరదనేవాళ్లకి జాంబియా సంగతి చెప్తాను. లుసాకాలో అనాథలు, కష్టాల్లో ఉన్నవాళ్లు 257 మంది పిల్లలతో ఒక పరిశోధన చేసి 2015లో అచ్చేశారు. వైద్యం చేసినవాళ్లు డాక్టర్లు కారు, సైకాలజిస్టులూ కారు, మామూలు స్థానిక కౌన్సిలర్లు. వాడింది ఇదే టీఎఫ్-సీబీటీ. ఆ పిల్లల్లో లక్షణాలు 80 శాతం పైగా తగ్గాయి, మామూలుగా అందే సాయం పొందిన పిల్లల్లో 20 శాతం చిల్లర. మనవాళ్లు ఇది విని, చూశారా, ఎవరికైనా నేర్పేయొచ్చు అంటారు. నేర్పేయొచ్చు. ఎలా నేర్పారో అక్కడే చూడాలి. క్లాసులు పూర్తయ్యాక వాళ్లని వదిలెయ్యలేదు. ముందు ఒకరి మీద ఒకరు సాధన చేశారు, తర్వాత పిల్లల్ని చూశారు, చూస్తున్నన్నాళ్లూ వారం వారం స్థానిక సూపర్‌వైజర్ ప్రతి కేసూ వింటూ ఉన్నాడు, ఆ సూపర్‌వైజర్ మాట వినేవాళ్లు ఇంకొకరున్నారు. మంగలి పనీ, వడ్రంగం పనీ నేర్చుకునే తీరే ఇది. మన దగ్గర మాత్రం ఒక రోజు హోటల్ హాల్లో స్లైడ్లు చూపించి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, సాయంత్రం సర్టిఫికెట్ చేతిలో పెడతారు.

నా వాదన ఇంతే. ట్రామా శిక్షణలో ఖర్చు పెట్టాల్సింది ఆ రోజు మీద కాదు, తర్వాతి ఆరు నెలల మీద. టీచరు గారు నాలుగో రోజు ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేని శిక్షణ పెట్టకపోవడమే మంచిది. దీనికి తోడు, నేర్పేవాడు పిల్లల్ని చూస్తూ ఉండాలి. శిక్షణ మొదలయ్యే ముందు టీ దగ్గర నేను ఇప్పుడు ట్రైనర్లని ఒకటే అడుగుతాను: "సార్, పోయిన నెల ఎంతమంది పిల్లల్ని చూశారు?" మొహాలు మారతాయి. కొంతమంది ఆరేళ్ల కింద మానేసి ఉంటారు, ట్రైనింగుల్లో డబ్బు బాగుంది మరి. చూడటం మానేసినవాళ్ల మాటల్లో పిల్లలు నునుపుగా ఉంటారు. "ఒక సురక్షితమైన చోటుని ఊహించుకోమని పిల్లవాడికి చెప్పండి" అంటారు. జాలరిపేటలో ఒకే గదిలో ఏడుగురు పడుకునే ఇంట్లో పిల్లాణ్ణి నేను అలాగే ఊహించుకోమన్నాను ఒకసారి. బాగా ఆలోచించి "ఏటీఎం రూము" అన్నాడు. ఏసీ ఉంటుంది, ఒక్కసారి ఒక్కరే వెళ్లాలి, బయట వాచ్‌మన్. అప్పట్నుంచి మా గదిలో దాని పేరు అదే.

2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్లో నలభై దాకా బోట్లు కాలిపోయాక నాకొక ఫోనొచ్చింది. ఆ ప్రాంతం టీచర్లకి ఒక రోజు వర్క్‌షాప్ చెయ్యాలి, నిధులున్నాయి. చేస్తాను, ఆ తర్వాత ఆరు నెలలు వారానికి ఒక సాయంత్రం వాళ్ల ఫోన్లు ఎత్తడానికి కూడా డబ్బివ్వండి, వర్క్‌షాప్‌కి నాకేమీ వద్దు అన్నాను. బడ్జెట్‌లో ఆ పద్దు లేదన్నారు. అదే పూట వాళ్లకి ఇంకొకరు దొరికారు.

చట్టం చూస్తే మనవాళ్లు కాగితం మీద బాగానే ఆలోచించారు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 2012 నాటిది. పిల్ల వాంగ్మూలం తీసుకునేటప్పుడు పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, కోర్టుకి మాటిమాటికీ పిలవకూడదు, నిందితుడు ఎదురుపడకూడదు. దాని నిబంధనల్లో సపోర్ట్ పర్సన్ అని ఒక మనిషిని పెట్టారు, కేసు మొదట్నుంచి చివరిదాకా పిల్ల పక్కన ఉండటానికి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆ మనిషి కావాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలెయ్యకూడదు అంది. మంచి మాట. కాని ఆ సపోర్ట్ పర్సన్‌కి ఎవరు సపోర్టు? తల్లికి ఒకసారి, స్టేషన్లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, మేజిస్ట్రేటు దగ్గర ఒకసారి పిల్ల చెప్పినదంతా పక్కన కూర్చుని వినే మనిషి ఆమె.

వినేవాళ్లకీ తగులుతుంది మరి. జడుపు అంటువ్యాధి లాంటిదే. మా అమ్మాయి స్కూలు ఆటో పది నిమిషాలు లేటైతే నేను మద్దిలపాలెం సెంటర్ దాకా చెప్పుల్లేకుండా వెళ్లిపోయిన రోజుంది. మా అత్తగారు చూసి, "నువ్వు కొన్నాళ్లు ఆ పిల్లల గోల మానుకో అమ్మా, నీకే తగిలింది" అంది. ఆవిడ ఏడో తరగతి. నా రోగం పేరు నాకంటే ముందు పట్టింది.

ఏమీ లేనిదాని కంటే ఒక రోజు శిక్షణైనా నయం కదా అంటారు. ఆ ఒక్క రోజులో ఏం చెప్తున్నామన్న దాన్ని బట్టి. టీచర్లని వైద్యుల్ని చెయ్యాలని చూస్తే నయం కాదు, ప్రమాదం. నాకు ఒక్క రోజే ఇస్తే నేను చెప్పేది కొంచెమే. జరిగింది తవ్వకండి. పిల్ల తనంతట తాను చెప్తే వినండి, ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వెయ్యకండి. రోజూ అదే టైముకి బెల్లు కొట్టండి, అదే చోట కూర్చోబెట్టండి. హింస అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098, మీ మనసే బాగోకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416. నా నంబరు కూడా బోర్డు మీద రాస్తాను. ఇది గంటన్నరలో అయిపోతుంది, మిగతా టైము వాళ్లు అడిగేవాటికి.

ఎవరూ డబ్బివ్వకపోయినా గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా ఫోన్ పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టి రెండేళ్లయింది. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఒక హాస్టల్ వార్డెన్. కొన్ని గురువారాలు ఒక్క ఫోనూ రాదు, బీరకాయలు చెక్కు తీసుకుంటూ కూర్చుంటాను.

మొన్న వార్డెన్ చేసింది. కొత్తగా చేరిన ఆరేళ్ల పిల్ల దిండు కింద అన్నం ముద్దలు దాస్తోందట. రెండుసార్లు తీసి పారేశారు, మళ్లీ దాస్తోంది. అడిగితే మాట్లాడదు.

"తిట్టారా?"

"ఒకసారి తిట్టేనండి. మళ్లీ బాధేసింది."

"సరే. ఎందుకు దాస్తున్నావని అడగొద్దు. ఇవాళ రాత్రి ఒక బిస్కెట్ పాకెట్ ఇచ్చి, ఇది నీదే, నీ దగ్గరే ఉంటుంది, అయిపోతే ఇంకోటిస్తాను అని చెప్పండి. అయిపోతే నిజంగానే ఇవ్వండి. పైవారం ఇదే టైముకి నాకు ఫోన్ చెయ్యండి."

"అలాగే మేడమ్." కాసేపు ఆగింది. "మరి చీమలకేటి సెయ్యమంటారు? పక్కంతా చీమలే."

"మూతున్న స్టీలు డబ్బా ఉందా?"

"మా ఇంట్లో ఉన్నాది. రేపు తెస్తాను."